రాగి పళ్లెం మధ్యలో ఖాళీ

గురువుల మీద రాసే వ్యాసాల్లో మూడో వాక్యానికల్లా దీపమో జ్యోతో వెలిగి తీరుతుంది. దేవరమెట్ట మిషను హైస్కూలు క్రాఫ్టు మాస్టారు ప్రేమదాసు విషయంలో వెలిగిందేమీ లేదు. మరకలు పడ్డాయి. పదకొండేళ్లలో ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ వేళ్ల చివర్లు తుప్పు రంగుకు తిరిగాయి. తెల్ల చొక్కాల మీద పసుపచ్చని చుక్కలు పడి, ఏ సబ్బుకీ లొంగకుండా చొక్కా చిరిగేదాకా ఉండిపోయాయి. పర్చూరు బజారులో ఏ అమ్మాయైనా గాజులు చూపించమని చెయ్యి చాపితే, కొట్టువాడు ఆ వేళ్లు చూసి "దేవరమెట్ట స్కూలా?" అని అడిగేవాడు. ఒక బడికి ఇంతకన్నా గట్టి గుర్తింపు ఇంకొకటి ఉండదు.

ఆ మరకలకు కారణం ఫెర్రిక్ క్లోరైడు. రేడియో మెకానిక్కులు సర్క్యూటు పలకల మీద అక్కర్లేని రాగిని పోగొట్టడానికి వాడే ద్రావకం. మాస్టారు దాన్ని చీరాలలో ఒక రేడియో రిపేరు షాపులో సంపాదించేవారు. మొదటిసారి తెచ్చినప్పుడు మూత సరిగ్గా బిగించలేదు. సైకిలు వెనక కట్టిన సీసా ఊరు చేరేసరికి క్యారియరు కమ్మీ ఒకటి సన్నబడి, గోటితో మీటితే మోగే స్థితికి వచ్చింది. రెండోసారి జాగ్రత్తగా తెచ్చి ఇంట్లో ఉన్న సత్తు బేసిన్లో పోశారు. అది బుసకొట్టి, పొగలు కక్కి, చూస్తూండగానే అడుగు పోగొట్టుకుంది. ఆ బేసిను ఆయన అత్తగారు పుల్లమ్మది. దాని అంచు మీద ఆవిడ పేరు ఉంది. అడుగు పోయినా పేరు మిగిలింది కాబట్టి ఆవిడ దాన్ని పారేయలేదు. కోళ్లగూటికి కిటికీగా బిగించింది. ఈ ఒక్క సంగతి చాలు, పుల్లమ్మ ఎలాంటి మనిషో తెలియడానికి.

పని పద్ధతి తేలికే. రాగి రేకును గుండ్రంగా కత్తిరించి, అంచు కాస్త పైకి కొట్టి పళ్లెం చేస్తారు. చింతపండుతో తోమి, కిరసనాయిలులో కరిగించిన రోడ్డు తారు రెండు వైపులా పూస్తారు. తారు ఆరాక దబ్బనంతో బొమ్మ గీస్తారు, మిరపకాయ బస్తాలు కుట్టే దబ్బనంతోనే. గీసినచోట తారు లేచిపోయి రాగి బయటపడుతుంది. ఆ పళ్లేన్ని ప్లాస్టిక్ బేసిన్లో ద్రావకం పోసి బోర్లా ముంచితే, బయటపడ్డ రాగిని మాత్రమే అది తింటుంది. గంటన్నరకు తీసి కడిగి, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే గాడిలో కాస్త తారు మిగిలి, ఎర్రటి రాగి మీద నల్లటి గీత నిలుస్తుంది. మాస్టారికి లోకంలో అంతకు మించిన అందం లేదు. వెనకవైపు తారు పూయడం మరిచిపోయిన పిల్లల పళ్లేలు చిల్లులు పడి జల్లెడలయ్యేవి. తల్లులకు అవే ఎక్కువ నచ్చేవి. జల్లెడకి పని ఉంది కదా.

ఈ పని అనే మాటే మాస్టారి మెడకు చుట్టుకుంది.

1984 ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టరు వెంకటనారాయణ గారు వచ్చారు. మనిషి పిడుగురాళ్ల వైపు మిరప రైతుల కుటుంబం. ఆకలేస్తే తప్ప నవ్వు రాని ముఖం, అదీ భోజనం కనబడ్డాక. బళ్లో చేయించే పనులన్నీ సమాజానికి ఉపయోగపడాలని ప్రభుత్వం కాగితం పంపిందట. ఆ కాగితం జేబులో పెట్టుకుని క్రాఫ్టు షెడ్డులోకి అడుగుపెట్టారు. గోడకు వరసగా ఇరవై పళ్లేలు. ఒకదాని మీద పొగాకు ఆకు, ఇంకోదాని మీద ఎద్దు, మిగతా పద్దెనిమిది మీద నెమళ్లు. నెమలి, తామరపువ్వు, హంస వేయొద్దని మాస్టారు ఏడాది పొడుగునా మొత్తుకునేవారు. పిల్లలు ఏడాది పొడుగునా అవే వేసేవారు.

"ఇదేంటండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"రాగి పళ్లెం సార్."

"అది కనపడుతోంది. దీంతో ఏం చేస్తారు?"

"చూస్తారు సార్."

"చూసి?"

ప్రేమదాసుకు అబద్ధం చెప్పడం రాదు. "మళ్లీ చూస్తారు సార్."

ఇన్‌స్పెక్టరు గారు పిల్లల వైపు తిరిగి, ఎనిమిదో తరగతి శివపార్వతిని అడిగారు. "నువ్వు చెప్పమ్మా. నీ పళ్లెం ఇంటికి తీసుకెళ్లావుగా. ఏం చేస్తున్నారు?"

"కరెంటు పోయినప్పుడు మా నాన్న విసురుకుంటన్నాడండీ."

"దానికి తాటాకు చాలు."

"తాటాకైతే చిరిగిపోయిద్దండీ," అంది శివపార్వతి, మాస్టారికి మేలు చేస్తున్నాననుకుని.

రిపోర్టులో ఇలా పడింది: 'తయారైన వస్తువులకు సామాజిక ప్రయోజనం కానరాదు. వచ్చే తనిఖీలో కూడా కానరానిచో క్రాఫ్టు పోస్టు రద్దుకు సిఫారసు చేయబడును.'

పోస్టు రద్దయితే ప్రేమదాసు రోడ్డున పడరు. మిషను వాళ్లు మనుషుల్ని రోడ్డున పడేయరు, బోర్డింగు స్టోరులో పడేస్తారు. అక్కడ పొద్దున కందిపప్పు కొలిచి ఇవ్వాలి, మధ్యాహ్నం ఉల్లిపాయలు ఏరాలి, సాయంత్రం కుళ్లిన గుడ్లను నీళ్లలో వేసి కనిపెట్టాలి. షెడ్డేమో బోర్డింగు వంటశాల అవుతుంది. హెడ్మాస్టరు ఇమ్మానియేలు గారికి ఆ షెడ్డు మీద ఎప్పటినుంచో కన్ను. రోజూ ప్రార్థనలో "ప్రభువా, నీ చిత్తమైతే మన పిల్లలకు గాలీ వెలుతురూ ఉన్న వంటశాల దయచేయుము" అనేవారు. ప్రభువు చిత్తం ఎప్పుడు కొలిచి చూసినా సరిగ్గా క్రాఫ్టు షెడ్డు పొడుగూ వెడల్పూ ఉండేది.

"ప్రేమదాసు గారూ, ఫీల్ కావద్దు. స్టోరు కూడా సేవే," అనేవారు ఆయన.

"కుళ్లిన గుడ్డు మీద డిజైను గీయడం కుదరదండీ," అనేవారు మాస్టారు.

ఇంట్లో భార్య జయకుమారి తిన్నగా ఒకే మాట చెప్పింది. ఆమె ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, మాటలు వృథా చేయదు.

"ఒక గరిటె చేయించండి. ఒక మూత చేయించండి. ఆయనకు కావాల్సింది అదేగా."

"మూతా?" ప్రేమదాసు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నా చేతుల మీదుగా మూతా?"

"ఏం, మూతకేమయింది? అన్నం మీద ఈగలు వాలకుండా ఉండేది దేనివల్లనుకున్నారు?"

ఆయన వినలేదు. ఆయన లెక్క వేరు. పళ్లెం చాలినంత అందంగా ఉంటే ఎలాంటి ఇన్‌స్పెక్టరైనా ప్రశ్న మరిచిపోతాడని నమ్మకం. తినే తిండి కంటే చూసే చూపు గొప్పదని నమ్మేవాళ్లు మన దగ్గర తరచూ కనబడుతుంటారు. వాళ్లకు వండిపెట్టేవాళ్లు వేరే ఉంటారు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. రైతులు కనబడిన ప్రతి మందు డబ్బా కొట్టి చూశారు. నవంబరులో ఒకరోజు బుల్లయ్య అనే రైతు షెడ్డు ముందు ఆగి, బేసిన్లో ఉన్న గోధుమరంగు నీళ్లను చాలాసేపు పరీక్షించాడు.

"మాస్టారూ, ఇది దోమకి పనిచేసిద్దా?"

"ఇది రాగిని తినే మందయ్యా."

"రాగినే తింటే దోమెంత? ఒక లీటరు ఇప్పించు. ట్యాంకులో కలిపి కొడతా."

"నీ ట్యాంకు ఇనపదేనా?"

"ఇనపదే."

"అయితే చేను దాకా వెళ్లేసరికి నీ వీపు మీద పట్టీలు మాత్రమే ఉంటాయి."

బుల్లయ్య ఆలోచించాడు. "దోమలు కూడా పోతాయిగా?" అన్నాడు. అతన్ని పంపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అయినా ఆ ఏడాది మొత్తంలో మాస్టారి పనిలో ప్రయోజనం వెతికిన మనిషి అతనొక్కడే.

తొమ్మిదో తరగతికి వచ్చిన శివపార్వతికి ఆ సంవత్సరం నెమలి పిచ్చి తగ్గింది. జనవరిలో ఆ పిల్ల ఒక పళ్లెం గీసింది. అంచు చుట్టూ మిరపకొమ్మ పాకుతుంది, ఆకు, కాయ, ఆకు, కాయ. లోపలి వరసలో పగిలిన పత్తికాయలు. ఒక్కోటీ నోరు తెరిచి నవ్వినట్టుంటుంది. మధ్యలో అరచెయ్యంత గుండ్రం. అందులో ఏమీ లేదు.

"మధ్యలో ఏం వెయ్యమంటారండీ? చిన్న హంస..."

"చంపుతా. ఏమీ వద్దు. ఖాళీగా వదులు. చుట్టూ ఇంత గందరగోళం ఉన్నప్పుడు మధ్యలో కంటికి ఊపిరాడాలి."

ద్రావకం ఆ రోజు మాట విన్నది. గీత ఎక్కడా పొంగలేదు, విరగలేదు. కడిగి తుడిచేసరికి మాస్టారు అక్కడే బెంచీ మీద కూలబడ్డారు. ఇరవై నిమిషాలు ఆ పళ్లేన్ని చూశారు. చూసి, మళ్లీ చూశారు. మంగళవారం తనిఖీ. షెడ్డు తలుపుకు గడియ ఊడిపోయి రెండు నెలలైంది. వంటశాల కాబోయేదానికి గడియ ఎందుకని హెడ్మాస్టరు గారు బాగుచేయించలేదు. అందుకని శుక్రవారం సాయంత్రం మాస్టారు పళ్లేన్ని పాత పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చి, వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టారు. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లో చేయకూడని తప్పు ఏదైనా ఉంటే అదే.

పుల్లమ్మకు అరవై అయిదేళ్లు. కూతురి ఇంట్లో ఉంటోంది, లేదా ఆవిడ మాటల్లో చెప్పాలంటే కూతుర్నీ అల్లుణ్నీ తన సామాన్లతో పాటు ఉండనిస్తోంది. ఎప్పుడో ఒక పెళ్లిలో ఆవిడ ఇత్తడి చెంబు పోయింది. పేరు లేని చెంబు. దాన్ని ముగ్గురు ఆడవాళ్లు తమదంటే తమదన్నారు. పెళ్లివారు నాలుగో మనిషికి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి ఇంట్లోకి వచ్చిన ప్రతి గిన్నె మీదా, గ్లాసు మీదా, మూత మీదా పేరు కొట్టించింది. గిన్నెలతో ఆగలేదు. గడ్డపార, టార్చిలైటు, కాఫీ ఫిల్టరు పైభాగం, కింది భాగం విడివిడిగా. ఆవిడకు చదువు రాదు. తన పేరు మాత్రం ఎక్కడున్నా పట్టేస్తుంది, వేలితో తడిమి తప్పులు కూడా పడుతుంది.

మిరపకోతలు మొదలైతే సుభానీ సైకిలు మీద ఊళ్లు తిరుగుతాడు. సంచిలో చిన్న సుత్తి, నాలుగు ఉలులు. "గిన్నెలకు పేర్లు కొడతాం... బిందెలకు, చెంబులకు పేర్లు కొడతాం..." అని అరుస్తాడు. అరిచే పని లేకుండానే పుల్లమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెడుతుంది. ఆ శనివారం మాస్టారు చర్చిలో బెంచీలు సర్దడానికి వెళ్లారు. జయకుమారి బట్టలు ఉతుకుతోంది. పుల్లమ్మ ఇల్లంతా వెతికి కొత్తగా ఏమీ దొరక్క నిరాశపడుతుండగా, బియ్యం డబ్బా మీద పేపరు చుట్ట కనబడింది.

సుభానీ పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తనూ లోహం మీద గీత గీసేవాడే. అతనికి మంచి పని తెలుసు.

"ఇది స్కూలుదేమో పిన్నమ్మా. మాస్టారి పనిలా ఉంది."

"స్కూలుదైతే స్కూల్లో ఉంటది. నా బియ్యం డబ్బా మీద ఎందుకుంటది?"

"ఒకసారి మాస్టార్ని అడుగుదామా?"

"ఏంది నాయనా అడిగేది? నా బేసిను అడుగు ఊడగొట్టాడుగా. దానికి బదులు చేయించి పెట్టుంటాడు. నోరు తెరిచి చెప్పడానికి నామోషీ."

సుభానీకి అది సబబుగానే తోచింది. "సరే. వెనకాల కొట్టనా, కనపడకుండా?"

"ఎనకాలెందుకు? మధ్యలో చోటు వదిలారుగా. నీకు కళ్లు కనపడట్లా?"

నిజమే. ఆ ఊళ్లో ఏ ఆడమనిషిని అడిగినా అదే చెబుతుంది. చుట్టూ అంత పని చేసి మధ్యలో అరచెయ్యంత ఖాళీ వదిలారంటే అది పేరు కోసమే. కంటికి ఊపిరాడటం కోసం అనే సంగతి ఎవరికైనా ఎలా తడుతుంది? సుభానీ చుక్క చుక్క కొట్టి రెండు వరసల్లో చెక్కాడు:

బ. పుల్లమ్మ
దేవరమెట్ట. 1985

పుల్లమ్మ వేలితో తడిమి, ఒప్పుకుని, పళ్లేన్ని తీసుకెళ్లి నీళ్ల బిందె మీద మూత వేసింది. సరిగ్గా సరిపోయింది. ఆ పేపరుతో పొయ్యి రాజేసింది.

ఇంట్లో నీళ్లు ముంచి ఇచ్చేది పుల్లమ్మే, అందుకే ఆదివారమంతా అది ఎవరి కంటా పడలేదు. సోమవారం బడి వదిలాక మాస్టారు ఇంటికొచ్చి, దాహమేసి, తనే వెళ్లి బిందె మీద మూత తీశారు. నీళ్లు ముంచుకున్నారు. తాగారు. మూత మళ్లీ పెట్టబోతూ ఆగిపోయారు. జయకుమారి పరుగెత్తుకొచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని, పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని, ఊపిరందనట్టు గుటకలు వేస్తున్నారు.

"ఏమైందండీ?"

ఆయన వేలు చూపించారు. జయకుమారి చదివింది. పైట చెంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు అర్థం కాలేదు. అర్థమై ఉంటే విడాకులదాకా వెళ్లేది.

"అత్తయ్యా!" అని కేక పెట్టారు.

"ఏందయ్యా ఆ అరుపు?" పుల్లమ్మ తాపీగా వచ్చింది. "బాగుంది పళ్లెం. అంచు ఇంకాస్త వంచుంటే నీళ్లు కారకుండా ఉండేది."

"ఇది ఎగ్జిబిటు! రేపు ఇన్‌స్పెక్టరుకి చూపించాల్సింది! నా ఉద్యోగం దీని మీదుంది!"

"ఉద్యోగం దీని మీదుంటే దీన్ని తెచ్చి బియ్యం డబ్బా మీద ఎవడు పెట్టమన్నాడు? నా ఇంట్లో పేరు లేకుండా వస్తువుంటే నేనూరుకుంటానా? నువ్వు కూర్చునే కుర్చీ కింద చూసుకో, దానిమీద కూడా ఉంది."

ప్రేమదాసు కుర్చీ తిరగేసి చూశారు. ఉంది.

అప్పటికి ఇంకా పొద్దుంది. షెడ్డుకి పరుగెత్తారు. కబురు పెడితే శివపార్వతి వచ్చింది. మాస్టారు పళ్లేన్ని దిమ్మ మీద పెట్టి, చెక్క సుత్తితో వెనకనుంచి కొట్టి అక్షరాలు చదును చేద్దామని చూశారు. అక్షరాలు కదల్లేదు, చుట్టూ రాగి కొంచెం ఉబ్బింది. ఇప్పుడు పుల్లమ్మ పేరు వేదిక మీద నిలబెట్టినట్టు మరింత గొప్పగా కనబడసాగింది. సన్న ఇసక పెట్టి రుద్దారు. మెరుపు వచ్చింది, పేరుకే.

"మాస్టారూ, ఒక్క మాట," అంది శివపార్వతి భయపడుతూ. "పురివిప్పిన నెమలి వేస్తే కప్పుకుపోయిద్దండీ. పెద్ద నెమలైతే చాలు."

మాస్టారు షెడ్డు పైకప్పు వైపు చూశారు. ఒకవైపు కందిపప్పు, ఉల్లిపాయలు, కుళ్లిన గుడ్లు. ఇంకోవైపు నెమలి. చాలాసేపే తూచారు.

"వద్దు," అన్నారు. "గుడ్లే నయం."

చివరికి జయకుమారి వచ్చి సమస్యని అర నిమిషంలో తేల్చింది. ఇంట్లోంచి దోసెడు ఎండు మిరపకాయలు తెచ్చి పళ్లెం మధ్యలో కుప్ప పోసింది. పేరు మాయమైంది. "ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి. అంతే," అంది.

మంగళవారం పది గంటలకు వెంకటనారాయణ గారు వచ్చారు. గౌరవ సూచకంగా హెడ్మాస్టరు ఇమ్మానియేలు గారు షెడ్డులో పంకా పూర్తి వేగంతో వేశారు. ఎండు మిరపకాయల కుప్ప, దానిమీద పంకా గాలి. ముందు హెడ్మాస్టరు గారే తుమ్మారు. తర్వాత తొమ్మిదో తరగతి మొత్తం వరసగా తుమ్మింది, మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా, అటెండెన్సు పలికినట్టు. తనిఖీకి ముందు చిన్న ప్రార్థన అని హెడ్మాస్టరు గారు కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ షెడ్డు విషయమై..." అని అయిదుసార్లు మొదలుపెట్టారు. అయిదుసార్లూ షెడ్డు దగ్గరే తుమ్మొచ్చింది. ఆ రోజు ప్రభువుకు ఏ షెడ్డో, ఏ విషయమో తెలియకుండా పోయింది.

వెంకటనారాయణ గారు మాత్రం తుమ్మలేదు. పుట్టి పెరిగింది మిరప కల్లాల్లో. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, అంతే. తిన్నగా పళ్లెం దగ్గరకు వచ్చారు. చూశారు. ఇన్‌స్పెక్టరు గారి ముఖంలో మెల్లగా ఏదో కదిలింది. అందం పనిచేస్తోందనుకున్నారు మాస్టారు.

"కాయ రంగు బాగుందే," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఒక మిరపకాయ తీసి, విరిచి, వాసన చూశారు. "ఏ చేనుదండీ?"

"సార్, అది ముట్టుకోకండి సార్, ఘాటు..."

"నాకా చెప్తున్నారు ఘాటు గురించి?" అని దోసిలి నిండా తీశారు.

కుప్ప జారింది. ఇన్‌స్పెక్టరు గారు వంగి, కళ్లజోడు సర్దుకుని, పైకే చదివారు. "బ. పుల్లమ్మ. దేవరమెట్ట. పంతొమ్మిది వందల ఎనభై అయిదు." తల ఎత్తారు. "ఎవరీ పుల్లమ్మ?"

షెడ్డులో తుమ్ములు కూడా ఆగిపోయాయి. ప్రేమదాసుకు అబద్ధం రాదు, నిజం నోటికి రావడం లేదు. హెడ్మాస్టరు గారి ముఖంలో వంటశాల పొగగొట్టంతో సహా లేచి నిలబడింది.

"నేనే," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. పుల్లమ్మ కొంగు బిగించి నిలబడి ఉంది. "నా బిందె మీద మూత లేదు. ఎలుక పడితే మీరు తాగుతారా ఆ నీళ్లు? నా పళ్లెం ఏదయ్యా?"

ప్రేమదాసు కళ్లు మూసుకున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు ఆవిడను ఎగాదిగా చూశారు. "అమ్మా, ఈ పళ్లెం మీరు వాడుతున్నారా?"

"వాడకపోతే పేరెందుకు కొట్టిస్తానయ్యా? పనికిరానిదాని మీద ఎవరైనా పేరు కొట్టించుకుంటారా? మీ ఇంట్లో కొట్టించుకుంటారా?"

వెంకటనారాయణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన భార్య పిచ్చమ్మ గారు ఆయన షేవింగు గ్లాసు మీద కూడా పేరు కొట్టించిందని అప్పటికి దేవరమెట్టలో ఎవరికీ తెలియదు.

"దేనికి వాడతారు?"

"బిందె మీద మూతేస్తా. వడియాలు పెడతా. బియ్యం ఏరుకుంటా. గోంగూర మాత్రం పొయ్యను, రాగికి పులుపు తగిలితే చిలుమొస్తది. ఆ మాత్రం తెలవదా నాకు?"

ఆ చిలుము మాటతో ఇన్‌స్పెక్టరు గారు లొంగిపోయారు. నేర్పి చెప్పించిన మాటలైతే గోంగూర దాకా రావని ఆయన అనుభవం. పోయినేడాది ఏ ప్రశ్న అడిగినా 'చూస్తారు సార్' అన్న ఈ షెడ్డులో, ఈ ఏడు ఒక ఆడమనిషి పళ్లెం కోసం ఇన్‌స్పెక్టరు మీదకే వచ్చింది. పెన్ను తీసి అక్కడే రాశారు: 'వస్తువు గ్రామ గృహమందు నిత్య వాడుకలో నున్నది. వాడుకదారు పేరు వస్తువుపై చెక్కబడి యుండుట స్వయముగా చూడడమైనది. సామాజిక ప్రయోజనము కలదు. పోస్టు కొనసాగించవచ్చును.'

రాసి, ప్రేమదాసును పక్కకు పిలిచారు. గొంతు తగ్గించారు. "ఇలాంటిదే ఒకటి... మధ్యలో చోటు ఇలాగే వదిలి... వీలవుతుందా? మా ఇంట్లో కూడా బిందె ఉంది."

ప్రేమదాసు తల ఊపారు. ఆయనకు ఏడుపొచ్చింది. మిరపకాయల వల్లేనని ఇన్‌స్పెక్టరు గారు అనుకున్నారు.

తీర్పు సంతకం తడి ఆరకముందే పుల్లమ్మ మిరపకాయలు కొంగులో మూటగట్టి, పళ్లెం చంకన పెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి, గడియ లేని రేకు తలుపును కిందనుంచి పైదాకా చూసింది.

"అల్లుడూ, దీనిమీద పేరుందా?"

"దేనిమీద అత్తయ్యా?"

"ఈ షెడ్డుమీదయ్యా. లేదుగా! పేరు లేదు కాబట్టేగా వచ్చినోడల్లా ఎత్తేస్తా, కూల్చేస్తా, పొయ్యి పెడతా అంటున్నాడు." అలా అంటూ హెడ్మాస్టరు గారి వైపు చూసింది. ఆయన అప్పుడే అనువుగా ఒక తుమ్ము తెచ్చుకున్నారు.

మర్నాడు మూడో పీరియడులో బడి అంతా దద్దరిల్లింది. సుభానీ షెడ్డు తలుపు ముందు స్టూలు వేసుకుని, తన దగ్గరున్న వాటిలోకెల్లా పెద్ద ఉలితో, రేకు మీద చుక్క చుక్కా కొడుతున్నాడు. పక్కన పుల్లమ్మ, ఒక్కో అక్షరం పూర్తవగానే వేలితో తడిమి చూస్తోంది. ఇమ్మానియేలు గారు ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏంటమ్మా ఇది? ఇది మిషను ప్రాపర్టీ!"

"అల్లుడి పేరయ్యా. 'ప్రేమదాసు, క్రాఫ్టు మాస్టారు, 1985.' నా పేరు కొట్టించుకుందామనుకున్నా. మా జయ వద్దంది."

హెడ్మాస్టరు గారు తలుపు వైపు చూశారు, సుత్తి వైపు చూశారు, చివరికి పుల్లమ్మ వైపు చూశారు. లోపల ప్రేమదాసు, శివపార్వతి తారు పూసిన పళ్లెం ముందు వంగి, మధ్యలో ఎంత చోటు వదలాలో అరచెయ్యి పెట్టి కొలుస్తున్నారు. పక్కన కాగితం మీద ఇన్‌స్పెక్టరు గారి చేతిరాతలో పిచ్చమ్మ గారి పేరు.

మరుసటి రోజు ప్రార్థనలో వంటశాల రాలేదు. ప్రభువును వర్షాలు అడిగారు. ఆ మధ్యాహ్నం మేస్త్రీ ఒకడు కొలతల టేపుతో వస్తే హెడ్మాస్టరు గారే అతన్ని గేటు దగ్గర ఆపి, షెడ్డు తలుపు చూపించారు.

"పేరు కొట్టేశారయ్యా," అన్నారు. "ఇంకేం చేస్తాం. బోర్డింగు వెనకాల చూద్దాం పద."